ఓడలో రాజు వేషం

ఓడెక్కి పద్యం పాడిన మనిషి మా తెనాలిలో నేనొక్కదాన్నే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్పలు చెప్పుకోవద్దని మా ఇంట్లోవాళ్ళు అంటారు. కానీ పేగులన్నీ గొంతులోకొచ్చిన రోజున, నెత్తిన కిరీటం పెట్టుకుని, మూతికి మీసం అంటించుకుని, అరేబియా సముద్రం మీద నిలబడి సీస పద్యం పాడి చూస్తే తెలుస్తుంది, అది గొప్పో కాదో.

నేను నాటకాల మనిషిని. అందులోనూ మగవేషాలు కట్టే మనిషిని. లంగావోణీల వయసులో ఉండగా మా ఊళ్ళో రాజు వేషగాడికి సరిగ్గా నాటకం వేళకి జ్వరమొచ్చింది. పద్యాలన్నీ ఈ పిల్లకి నోటికొచ్చు కదా అని ఆ కిరీటం తెచ్చి నా నెత్తిన పెట్టారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ అడగలేదు, నేనూ తిరిగివ్వలేదు. మా ఆయన హార్మోనిస్టు. ఆయన వాయించడం, నేను పాడడం, మా మామగారు సొంతంగా రాసిన నాటకాలు ఊరూరా ఆడడం, ఇదీ మా కాపురం. కూరలో ఉప్పు తక్కువైందని ఆయనంటే నేను రాజులాగే కళ్ళెర్రజేస్తానని చుట్టాలంతా నవ్వుతారు. నవ్వనీ, నాకేం!

మా మామగారి నాటకంలో ఒక ఘట్టం ఉంది. యుద్ధంలో ఓడిపోయిన రాజును గొలుసులతో కట్టి శత్రువు ముందు నిలబెడతారు. తల వంచి దణ్ణం పెడితే ప్రాణం దక్కుతుందంటారు. వంచనంటూ రాజు పద్యం ఎత్తుకుంటాడు. పైన సీసం, కింద తేటగీతి. చివరి మాట అయ్యాక మోహనలో రాగం తియ్యాలి. ఆ రాగం దిగీ దిగకముందే జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక పడాలి. పడితే పద్యం మొత్తం మళ్ళీ మొదటినుంచి పాడాలి. నాటకాలు చూసినవాళ్ళకి ఇదంతా చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. వన్స్ మోర్ అనేది అడిగి పుచ్చుకునేది కాదు. ఇంకోసారి పాడనా అని నటుడు అడగకూడదు. ఆశగా జనం వంక చూడకూడదు. దానంతట అది రావాలి. భట్టిప్రోలులో ఒకసారి వాన మొదలైతే జనం చాపలెత్తి నెత్తిన కప్పుకుని మరీ అడిగారు. ఆ రోజు నా రంగంతా కారి మెడలోకి దిగింది, అయినా పాడాను.

ఇక రేపల్లె బాబాయిగారు. మాకు చుట్టమేం కాదు. రేపల్లెలో ఎరువుల కొట్టు ఉన్న పెద్దాయన. నాటకాల పిచ్చి. ఆ చుట్టుపక్కల మా నాటకం ఎక్కడున్నా ఆయన ముందు వరసలో ఉండాల్సిందే. వన్స్ మోర్ అని మొదటి కేక ఆయనదే. మైకక్కర్లేని గొంతు. ఆ కేక విని మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు.

అప్పట్లో, అంటే రెండువేల అయిదు, ఆరు ప్రాంతాల్లో, ఎరువుల కంపెనీలు బాగా సరుకమ్మిన డీలర్లని భార్యలతో సహా షికార్లు తిప్పేవి. ఆ ఏడు వేసవిలో ఒక కంపెనీవాళ్ళు డీలర్ల కోసమే ఓడ మొత్తం మాట్లాడుకుని ప్రయాణం పెట్టారు. కొచ్చిలో ఎక్కడం, లక్షద్వీపాల వైపు వెళ్ళి రావడం. సాయంత్రమైతే సినిమా పాటలు, డాన్సులు. బాబాయిగారు కంపెనీవాళ్ళతో పోట్లాడి ఆ పాటల మధ్య మాకో పావుగంట ఇప్పించారు. మాకంటే నాకూ, మా ఆయనకీ, హార్మోనియం పెట్టెకీ.

రేపల్లెవాళ్ళు రేపల్లె బండిలో వచ్చి తెనాలి స్టేషన్లో మాతో కలిశారు. పెద్ద బండి కోసం ఎదురుచూస్తూ అందరం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. నా వేషం పెట్టె చూసి ఒక కుర్ర డీలరు పకపకా నవ్వాడు.

“ఓడలో పద్యాలేంటి బాబాయ్! జనం సముద్రంలోకి దూకేస్తారు.”

పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే బాబాయిగారు లేచి నిలబడ్డారు.

“ఒరేయ్, అమ్మాయి పద్యానికి వన్స్ మోర్ పడకపోతే ఈ జన్మకి నేను నాటకం పేరెత్తను. రాసి పెట్టుకో.”

“బాబాయిగారి దాకా ఎందుకు? పడకపోతే నేనే ఇక వేషం కట్టను,” అన్నాను.

మా ఆయన నా మోచెయ్యి గిల్లారు. నోరు జారిందని ఆయన అనుకున్నారు. నోరు జారలేదు. తిరునాళ్ళలో మమ్మల్ని పిలవడం తగ్గిపోయింది. పిలిచినా అర్ధరాత్రి దాటాక, రికార్డింగ్ డాన్సు వాళ్ళు అలిసిపోయాక, చాపల మీద నిద్రపోతున్న వాళ్ళకి పాడమనేవాళ్ళు. పద్యం వినేవాళ్ళు ఇంకా ఉన్నారో లేదో నాకూ తేల్చుకోవాలని ఉంది. లేరంటే మీసం, కిరీటం అటకెక్కించేసి ఇంట్లో కూర్చుంటాను. మనసులో గట్టిగా అనుకునే రైలెక్కాను.

బాపట్లలో ఇంకొందరు ఎక్కారు. వాళ్ళలో ఒకావిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. వాళ్ళాయన డీలరు, ఆవిడ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆదివారాలు వాళ్ళ చర్చి క్వయర్లో పాడుతుందట. సన్నగా, మెత్తగా ఉంటుంది. నాకన్నా కాస్త చిన్నది. మాటకో ‘అండి’ తగిలిస్తుంది.

“మీరు నాటకాల్లో పాడతారటగా అక్కా. నేనెప్పుడూ చూళ్ళేదండి. మా ఇంట్లో పంపేవాళ్ళు కాదండి.”

“మరి మీ చర్చిలో బాగా పాడితే ఏమంటారమ్మా?”

“ఏమీ అనరండి. ఆమెన్ అంటారు,” అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది.

సముద్రం అంటే నాకు సూర్యలంకే. కార్తీక మాసంలో వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాళ్ళ దాకా తడిసి, మరమరాలు తిని వచ్చేదాన్ని. సముద్రం ఆమాత్రమే అనుకున్నాను. కొచ్చిలో ఆ ఓడని చూసేసరికి దిమ్మ తిరిగింది. మా తెనాలి బజారు మొత్తం పెకలించి నీళ్ళమీద పెట్టినట్టుంది. లోపలికి వెళ్ళే దారిలో సామాన్లు తనిఖీ చేసేవాళ్ళు నా పెట్టె తెరిచి, వెండి కాగితం అంటించిన రేకు కత్తి బయటికి తీశారు. ఆయుధమట! ఓడ దిగేటప్పుడు ఇస్తామని దాన్ని తీసి దాచేశారు. కత్తి లేని రాజేంటని నేను, పోనీలెమ్మని మా ఆయన. మగవాళ్ళు పేకాటకి వీలుగా ఉంటుందని ఒక వైపు గదులన్నీ వాళ్ళు పట్టుకుని, ఆడవాళ్ళని వేరే గదుల్లో సర్దారు. నాతో బాపట్ల ఆవిడ పడింది.

మొదటి సాయంత్రం అంతా బాగానే ఉంది. మందు ఉచితమని తెలిసి మా మగవాళ్ళు బారు దగ్గర్నించి కదల్లేదు. మా పద్యం రెండో రోజు సాయంత్రం. నేను పెందలాడే పడుకున్నాను.

తెల్లారి కళ్ళు తెరిచేసరికి గది తిరుగుతోంది. మంచం తలవైపు లేస్తుంది, కాస్త ఆగుతుంది, తర్వాత కాళ్ళవైపు లేస్తుంది. గుండ్రటి కిటికీలో ఒకసారి ఆకాశం, ఒకసారి నీళ్ళు. ఆ ఏడు వానలు వారం ముందే వచ్చిపడ్డాయట, సముద్రం పోటెత్తిపోయిందట. ఇదంతా ఎవరో మైకులో ఇంగ్లీషులో చెబుతుంటే బాపట్ల ఆవిడ పక్క మంచం మీద ముడుచుకుని పడుకుని నాకు తెలుగులో చెప్పింది. చెప్పడం పూర్తికాకముందే “ప్రభువా!” అంటూ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పరిగెత్తింది. ఆవిడ బయటికొచ్చేదాకా నేను ఆగలేకపోయాను. ఆ సంగతి వివరంగా చెప్పను. చచ్చిపోతే బాగుండునని ఒకసారి, చచ్చిపోతున్నానని ఒకసారి అనుకున్నాను.

మధ్యాహ్నానికి మా ఆయన గోడ పట్టుకుని నడుస్తూ వచ్చారు. మొహం పాలిపోయి సున్నం కొట్టినట్టుంది.

“ఏమే, బతికే ఉన్నావా?”

“ఉన్నానండీ. మీరు?”

“తెలీదు,” అన్నారు. “అవతల మగవాళ్ళంతా గుడ్లు తేలేశారే. రాత్రి తాగింది, పొద్దున ఈ ఊపు, రెండూ కలిసి చంపేస్తున్నాయి. ఓడ డాక్టరొచ్చి వరసపెట్టి అందరికీ ఇంజెక్షన్లు పొడిచాడు. అది పడితే వాంతులు ఆగుతాయి గానీ మత్తుగా నిద్ర పట్టేస్తుందట. బాబాయిగారు తాగలేదు పాపం, అయినా ఆయనకీ తప్పలేదు. పడుకున్నారు.”

“మీరు వేయించుకున్నారా?”

“నిన్నడిగి వేయించుకుందామని వచ్చా.”

“వేయించుకోవద్దు. సాయంత్రం హార్మోనియం ఎవరు వాయిస్తారు?”

ఆయన నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆ తర్వాత డాక్టరు మా గదికీ వచ్చాడు. నాకొద్దన్నాను. నిద్రతో పాటు గొంతు ఎండిపోతుందని బాపట్ల ఆవిడ అడిగి చెప్పింది. గొంతు ఎండిపోతే నేనేం పాడతాను? ఆవిడ కూడా ఎందుకో నాతోపాటే వద్దంది.

వాళ్ళు వెళ్ళాక నేను గోడవైపు తిరిగి పడుకుని, దిండులో మొహం పెట్టుకుని, సన్నగా పద్యం అందుకున్నాను. అసలు గొంతు ఉందో పోయిందో చూసుకుందామని. సీసం నాలుగు పాదాలు, గీతం, ఆపైన రాగం. రాగం తీస్తూ ఉంటే తీస్తూనే ఉండాలనిపించింది. ఆపగానే కడుపులో మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఎత్తుకున్నాను.

“అక్కా, ఒకటి గమనించారా?” అంది బాపట్ల ఆవిడ. “మీరు పాడుతున్నంతసేపూ మీకు వికారం రావట్లేదండి.”

నిజమే! పొట్ట బిగపట్టి ఊపిరిని కొంచెం కొంచెంగా వదులుతుంటే లోపల తిప్పడం ఆగిపోతోంది. రాగం ఆపితే అలలు మళ్ళీ నా కడుపులోకి వచ్చేస్తున్నాయి. ఆవిడ కూడా వాళ్ళ చర్చి పాట ఏదో నోరు మూసుకునే మొదలుపెట్టింది. క్వయర్లో ఆవిడది కింది స్వరమట. గంటలకొద్దీ నేను మోహన, ఆవిడ దేవుడి పాట. గది ముందు నుంచి పోతున్నవాళ్ళు మమ్మల్ని ఏమనుకున్నారో ఏమో. సాయంత్రానికి ఇద్దరం లేచి కూర్చుని, తలో రెండు బిస్కెట్లు తిన్నాం.

అప్పుడొచ్చింది కార్యక్రమాలు చూసే అమ్మాయి. బొంబాయి పిల్ల. ఈవేళ షో క్యాన్సిల్ మేడమ్, అంది. డాన్సర్లు జారిపడతారట, పాటల వాళ్ళు పడకల్లో ఉన్నారట. అందరూ క్యాన్సిల్ అంటే నేనూ క్యాన్సిలా? ఒళ్ళు మండింది.

“నేను డాన్సు చెయ్యను, నిలబడి పాడతానని చెప్పమ్మా,” అన్నాను బాపట్ల ఆవిడతో.

ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“వినడానికి ఎవరూ ఉండరంటోందక్కా.”

“హాల్లో ఒక్కరు కూడా ఉండరా అని అడుగు.”

ఆ మాట అడిగాక తెలిసిందేమంటే, హాలు ఓడకి సరిగ్గా నడుముకి, కింది అంతస్తులో ఉంది, అక్కడ ఊపు తక్కువ. అందుకని లేవగలిగిన వాళ్ళందరినీ అక్కడికొచ్చి కూర్చోమని వాళ్ళే మైకులో చెప్పారు. “ఇంకేం మరి! కూర్చున్నవాళ్ళు ఊరికే కూర్చునే బదులు పద్యం వింటారు,” అన్నాను. నా మొహంలో ఏం చూసిందో, ఆ పిల్ల భుజాలెగరేసి సరేనంది.

ఊగే గదిలో రంగు వేసుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. కనుబొమ గీద్దామంటే గీత చెవి దాకా పోతుంది. బాపట్ల ఆవిడ నా గడ్డం పట్టుకుని కదలకుండా నిలిపింది. మీసం అంటించుకుంటుంటే ఆ జిగురు వాసనకి కడుపు మళ్ళీ భళ్ళున తిప్పింది. గబగబా రాగం ఎత్తుకున్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఎందుకండీ అక్కా ఇంత బాధ? ఎవరో కుర్రాళ్ళు ఏదో అన్నారటగా, అందుకా?”

“కుర్రాళ్ళ గురించి కాదమ్మా. ఈ వేషం ఇక కట్టచ్చో కూడదో ఈవేళ తేలాలి. రేపు తేలుద్దిలే అని పడుకుంటే, మంచం మీద పడుకునే తేల్చేసినట్టవుతుంది.”

ఆవిడ కిరీటం అందించింది.

హాలు చూస్తే కళ్ళు చెదిరాయి. పైన దీపాల గుత్తులు గలగలలాడుతున్నాయి. వేదిక మీద పెద్ద పియానో ఒకటి నేలకి బిగించి ఉంది. మా ఆయన హార్మోనియం నేలమీద పెట్టగానే అది ఒక మూల నుంచి ఇంకో మూలకి జారిపోయింది. దాన్ని పట్టుకొచ్చి నా ఉత్తరీయంతో పియానో కాలికి కట్టేశాం. మా ఆయన దాని ముందు బాసింపట్టు వేసుకు కూర్చుని, పక్కనే ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టుకున్నారు. అంత దీనమైన హార్మోనిస్టుని నేనింతవరకూ చూడలేదు. అయినా వేళ్ళు మెట్ల మీద పెట్టగానే శ్రుతి నిక్కచ్చిగా పలికింది. ఆయన మీద నాకు ఎన్ని కోపాలున్నా ఆ ఒక్క విషయంలో చచ్చినా వంక పెట్టలేను.

అప్పుడు తలెత్తి జనాన్ని చూశాను.

అంతా ఆడవాళ్ళే. తెనాలి, రేపల్లె, బాపట్ల, ఇంకా ఎక్కడెక్కడి డీలర్ల భార్యలో, శాలువాలు కప్పుకుని, చేతుల్లో కాగితం సంచులు పట్టుకుని, సోఫాల్లో జేరగిలబడి ఉన్నారు. మగవాడనేవాడు కనిపించలేదు. ఆడవాళ్ళు చాలామంది సూదికి భయపడి వద్దన్నారట, మగవాళ్ళంతా ఇంజెక్షన్ మత్తులో పైన నిద్రపోతున్నారు. బాబాయిగారు లేరు.

నా భయం మీకు అర్థం కావాలంటే పందిట్లో సంగతి చెప్పాలి. మా నాటకాల్లో పందిరి మధ్యగా తాడు కట్టి మగవాళ్ళని ఒక వైపు, ఆడవాళ్ళని ఒక వైపు కూర్చోబెట్టేవాళ్ళు. ఈలలు, చప్పట్లు, వన్స్ మోర్లు అన్నీ మగవాళ్ళ వైపు నుంచే. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేవాళ్ళు. ఏడుపొస్తే ఏడ్చేవాళ్ళు. ఇళ్ళకి పోయాక వంటింట్లో మెచ్చుకునేవాళ్ళు. అంతేగానీ నలుగురిలో నోరు తెరిచి కేకేసిన ఆడమనిషిని నా జన్మలో చూడలేదు. నేనే మరో ఆవిడ నాటకం చూడ్డానికి వెళ్ళినా నోరు మూసుకునే కూర్చునేదాన్ని. రాజు వేషంలో స్టేజి దద్దరిల్లేలా అరిచే నేను!

ఇక వన్స్ మోర్ ఎక్కణ్ణుంచి పడుతుంది? అయిపోయింది నా పని, అనుకున్నాను. ఇదే ఆఖరి వేషమైతే సరిగ్గానే పాడి దిగుదాం.

మా ఆయన శ్రుతి అందించారు. రెండు చేతులూ గొలుసులతో కట్టేసినట్టు ముందుకి పెట్టుకుని నిలబడ్డాను. సీసం ఎత్తుకున్నాను. తల వంచనని రాజు అంటాడు, ఓడ వంచేస్తుంది. అటు ఒరిగితే అటు కాలు బిగించాను, ఇటు ఒరిగితే ఇటు. రెండో పాదం దగ్గర ముందుకి తూలబోయి, తమాయించుకుని, వెన్ను నిటారుగా చేశాను. అది నేను కావాలని చేసిన అభినయమే అనుకున్నారేమో, సోఫాల్లో ఒకరిద్దరు ముందుకి జరిగి కూర్చున్నారు. కత్తి లేకపోయినా ఫరవాలేదనిపించింది. మూడో పాదం. నాలుగో పాదం. తేటగీతి దిగేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మధ్యాహ్నం నుంచీ దిండులో దాచుకున్న గొంతు కదా, తలుపు తీసినట్టు బయటికొచ్చింది.

ఆ తర్వాత రాగం. మోహన అందుకున్నాను. అలతో పాటు పైకి వెళ్ళాను, అల దిగుతుంటే నేను దిగలేదు. అక్కడే నిలబెట్టాను. కడుపులో ఊపు లేదు, కళ్ళలో తిరుగుడు లేదు. బకెట్ సంగతి మా ఆయన మర్చిపోయారు, నా వంకే చూస్తూ వాయిస్తున్నారు. చెప్పుకోకూడదు గానీ, చెబుతాను. నా బతుకులో అంత రాగం నేనెప్పుడూ తియ్యలేదు.

ఊపిరి అయిపోయింది. దించాను.

నిశ్శబ్దం. దీపాల గలగల ఒక్కటే. చప్పట్లు కూడా లేవు. కాగితం సంచులు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉన్నాయి. జనం వంక ఆశగా చూడకూడదని చెప్పాను కదా, అందుకని ఎదురుగోడ వంక చూస్తూ నిలబడ్డాను. కడుపులో మళ్ళీ తిప్పడం మొదలైంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే కిరీటంతో సహా ఆ బకెట్ మీద పడాల్సిందే. సరే, దణ్ణం పెట్టి దిగిపోదామని చేతులు పైకెత్తబోయాను.

“మళ్ళీ పాడవే అక్కా!”

బాపట్ల ఆవిడ. లేచి నిలబడి ఉంది. ఒక చెయ్యి సోఫా వీపు మీద ఆనించింది. పొద్దున్నుంచీ మాటకో ‘అండి’ తగిలించిన మనిషి, గట్టిగా అరిచింది. అరిచి తనే భయపడ్డట్టు చుట్టూ చూసింది. పక్క సోఫాలోని రేపల్లె ఆవిడ, శాలువాలోంచి తల బయటపెట్టి, “అవునే, మళ్ళీ పాడవే!” అంది. వెనకనుంచి ఇంకెవరో, “పాడవే తల్లీ!” ఇంకెవరో, “మొదట్నించీ పాడవే!” కొంగులు నోళ్ళ మీద లేవు. ఒక్క నోటికి కూడా లేదు. హాలంతా పాడవే, పాడవే.

ఇన్నేళ్ళు నాకు వన్స్ మోర్లు పడ్డాయి. అవి ఆ రాజుకి పడ్డాయి. కిరీటం, మీసం అన్నీ ఉండగా నన్ను ‘పాడవే’ అని పిలిచినవాళ్ళు లేరు. అంటే వీళ్ళకి రాజు కనపడలేదా? కనపడ్డాడు, వాడి లోపల పాడుతున్న నేనూ కనపడ్డాను. కళ్ళు తుడుచుకుంటే రంగు చెరిగిపోతుందని తుడుచుకోలేదు. మా ఆయన శ్రుతి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఎత్తుకున్నాను. ఎన్నిసార్లు పాడించారో నాకు గుర్తులేదు, సముద్రం ఎప్పుడు నెమ్మదించిందో అంతకన్నా గుర్తులేదు.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. మగవాళ్ళు ఒక్కొక్కరే గెడ్డాలు మాసిన మొహాలతో టిఫిన్లకి వచ్చారు. బాబాయిగారు నన్ను వెతుక్కుంటూ వచ్చి, నా ముందు కూర్చుని, తల పైకెత్తలేదు.

“పాడావటగా అమ్మా. వెధవ ఇంజెక్షన్ నన్ను పడేసింది. నేనే లేకపోయాను. వన్స్ మోర్ పడలేదు కదూ?”

“పడలేదు బాబాయిగారూ,” అన్నాను.

పక్క టేబులు దగ్గర ఆ కుర్ర డీలరు కిసుక్కుమన్నాడు. బాబాయిగారి మొహం చిన్నబోయింది.

“వన్స్ మోర్ ఒక్కటి కూడా పడలేదు. మళ్ళీ పాడవే, అన్నారు.”

“ఎవరు?”

“అదుగో వాళ్ళు.” హాలు వైపు నుంచి ఆడవాళ్ళంతా గుంపుగా వస్తున్నారు. బాపట్ల ఆవిడ ముందు నడుస్తోంది. గొంతు బొంగురుపోయి, ఎవరేమడిగినా చేతి సైగలతోనే చెబుతోంది.

బాబాయిగారు వాళ్ళ వంక చూశారు. తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా అన్నారు.

“అయితే నేను లేకపోవడమే మంచిదైందమ్మా. నేనుంటే ముందు నేనే అరిచేవాణ్ణి. ఇక వాళ్ళ నోరు లేచేదా?”